అబింగ్డన్‌లో అంబాసిడర్ చుట్టం

హైదరాబాద్‌లో, విజయవాడలో ఈమధ్య ఎంజీ కార్లు బాగానే తిరుగుతున్నాయి. ముందు భాగాన ఎనిమిది పలకల బిళ్ల, అందులో రెండు ఇంగ్లిషు అక్షరాలు. 2019 నుంచి గుజరాత్‌లోని హాలోల్‌లో తయారవుతున్నాయవి. పేరు మీద హక్కు చైనా కంపెనీది. ఆ బిళ్ల పెరిగి పెద్దదైన ఊరు మాత్రం ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఉంది. పేరు అబింగ్డన్. ఇప్పుడక్కడ ఒక్క కారు కూడా తయారు కావడం లేదు. కాకపోతే మా పెదనాన్న గ్యారేజీలో ఒకటి మళ్లీ తయారవుతోంది. 2025 మేలో పది రోజులు సెలవు పెట్టి వెళ్లింది దాన్ని చూడటానికే.

పెదనాన్నది గుంటూరు. అక్కడి మెడికల్ కాలేజీలో చదివి 1973లో ఇంగ్లండు వెళ్లారు. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మనవైపు నుంచి వెళ్లిన డాక్టర్లు చాలామందే ఉండేవారు. ఉద్యోగం చేసీ చేసీ అబింగ్డన్‌లోనే స్థిరపడ్డారు. ఇప్పుడాయనకు 76 ఏళ్లు.

ఆక్స్‌ఫర్డ్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సెక్కాను. అబింగ్డన్‌కు ప్రయాణికుల రైలు 1963లోనే ఆగిపోయింది. బస్టాపులో పెదనాన్న నిలబడి ఉన్నారు. చేతులకు గ్రీజు. ‘కారేది పెదనాన్నా?’ అన్నాను నవ్వుతూ. ‘గ్యారేజీలో ఉందిరా. ఇంకా నడవటం లేదు. మనమే నడుద్దాం పద’ అన్నారు.

నడిచినందుకు ఊరు చూసినట్టయింది. నది మీద పాత రాతి వంతెన, సన్నగా పైకి లేచిన చర్చి గోపురం, ఊరి మధ్య బజారులో కౌంటీ హాల్. ఆ మేడను 1678-82 మధ్య కట్టారు. రాజకుటుంబంలో పట్టాభిషేకం లాంటి వేడుక జరిగితే దాని పైకెక్కి కింద జనం మీదికి బన్నులు విసరడం ఈ ఊరి ఆచారం. 2023లో చార్లెస్ పట్టాభిషేకానికీ విసిరారు. పెద్దమ్మకు రెండు దొరికాయట. ఒకటి తినేసి, రెండోది ఇప్పటికీ ఫ్రీజర్లో దాచుకున్నారు. నవ్వబోయాను గానీ, ఆ మేడలోనే ఉన్న మ్యూజియంలో పాతకాలం బన్నులు అద్దాల పెట్టెలో కనిపించేసరికి నోరు మూసుకున్నాను. అదే మ్యూజియంలో ఒక ఎంజీబీ కారు కూడా ఉంది.

చేత్తో తోసిన కార్లు

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేస్తూ మొదలై కార్ల దొరగా ఎదిగిన విలియం మోరిస్ దుకాణమది. అందులో మేనేజరుగా చేరిన సిసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకే అందమైన బాడీలు తొడిగి అమ్మడం మొదలుపెట్టాడు. 1929లో పని అబింగ్డన్‌కు మారింది. అంతకుముందు అక్కడ తోళ్ల ఫ్యాక్టరీ ఉండేది.

ఆ స్థలం చూద్దామని మర్నాడు సెమెట్రీ రోడ్డుకు వెళ్లాం. శ్మశానం వీధి అన్నమాట! ఫ్యాక్టరీ లేదు. పాత గేటు దగ్గర ఎంజీ కార్ల క్లబ్బు ఆఫీసు ఉంది. మిగతాదంతా ఇళ్లు, ఆఫీసులు. మాతోపాటు పెదనాన్న పక్కింటాయన కూడా వచ్చాడు. 1976లో పదిహేడేళ్ల వయసులో ఇక్కడే పనికి చేరాడాయన. ‘బాడీలు స్విండన్ నుంచి వచ్చేవి. ఇంజన్లు ఇంకోచోట నుంచి వచ్చేవి. మేం బిగించేవాళ్లం, అంతే. కారును ఒక జట్టు దగ్గర్నుంచి ఇంకో జట్టు దగ్గరికి చేత్తో తోసేవాళ్లం’ అని ఖాళీ గాల్లో తోసి చూపించాడు. ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు అలా చేతుల మీదే ముందుకు కదిలాయంటే నమ్మబుద్ధి కాలేదు.

1979 సెప్టెంబరులో ఊరంతా పండుగ చేసుకుంది. ఎంజీ అబింగ్డన్‌కు వచ్చి యాభై ఏళ్లు. ఆ వేడుక ముగిసిన వెంటనే, సెప్టెంబరు 10, సోమవారం నాడు, ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు బ్రిటిష్ లేలాండ్ ప్రకటించింది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికి వచ్చింది. అప్పటికి పక్కింటాయనకు ఇరవై ఒక్కేళ్లు. ఈ సంగతి చెప్పి, బస్సు టైమవుతోందని గడియారం చూసుకున్నాడు.

పెదనాన్న ఆ 1979 అక్టోబరులోనే తోటి ఉద్యోగి దగ్గర పాత ఎంజీబీ కొన్నారు. 1972 మోడల్. టాపు మడిచే రెండు సీట్ల కారు. నెమలి కంఠానికి దగ్గరగా ఉండే నీలం రంగు. పెట్టిన డబ్బు 650 పౌండ్లు. అసలాయన ఆ కారు ఎందుకు కొన్నారో పెద్దమ్మ చెబితే తెలిసింది. రోడ్డు మీద అది వెళ్తుంటే గుంటూరు ఇంట్లో తాతయ్య అంబాసిడర్ చప్పుడు వినిపించిందట. అది భ్రమేం కాదు. మన పాత అంబాసిడర్లలో ఉన్న 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎంజీబీలోని 1798 సి.సి. ఇంజను ఒకే కుటుంబానివి. ఇంగ్లండులో దాన్ని బి-సిరీస్ అనేవారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మనం పెళ్లి ఊరేగింపులకూ కలెక్టర్లకూ వాడిన బండి అన్నయితే, అబింగ్డన్‌ది షోకులమారి తమ్ముడు.

అయస్కాంతం అంటుకోలేదు

1998లో గ్యారేజీలో పెట్టిన కారును 2022లో బయటికి లాగారు. చూడటానికి బాగానే ఉంది. తలుపుల కింద పొడుగ్గా ఉండే భాగం (సిల్ అంటారు) నున్నగా మెరుస్తోంది. పక్కింటాయన ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అయస్కాంతం ఒకటి తెచ్చి అక్కడ ఆనించాడు. జారి కిందపడింది. ఇంకోచోట పెట్టాడు. మళ్లీ పడింది. రేకు లేదక్కడ! లప్పమే ఉంది. ఎప్పుడో ఒక షెడ్డులో టింకరింగ్ చేయించినప్పుడు తుప్పు కోసేయకుండా పైన లప్పం పూసి, రంగు కొట్టి ఇచ్చారు.

మామూలు కారైతే ఇది అందానికి సంబంధించిన గొడవ. ఎంజీబీకి ప్రాణానికి సంబంధించింది. అంతకుముందు వచ్చిన ఎంజీఏకు కింద విడిగా ఛాసిస్ ఉండేది. ఎంజీబీకి లేదు, బాడీయే ఛాసిస్. పైన కప్పు కూడా లేదు కాబట్టి ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలిపి పట్టుకునే బలమంతా ఆ రెండు సిల్‌లదే. లోపల మూడు పొరల రేకు. చక్రం విసిరిన బురద ముందు మడ్‌గార్డు వెనకాల పేరుకుని, తడి లోపలికి దిగి, బయటికి కనిపించకుండా తినేస్తుంది. ఒక గుంత మీద పడితే కారు మధ్యకు మడత పడొచ్చు.

‘కొత్త బాడీ కొనండి’ అన్నాడు పక్కింటాయన. నిజంగానే దొరుకుతుంది! పాత ప్రెస్ అచ్చులు వెతికి పట్టుకుని, 1988 నుంచి ఎంజీబీ బాడీలను మళ్లీ కొత్తగా చేస్తున్నారు. ఆ సంస్థ ఇప్పుడు దగ్గర్లోని విట్నీలోనే ఉంది. పెదనాన్న ఒప్పుకోలేదు. ‘బాడీ కొత్తది, సీట్లు కొత్తవి, ఇంజను బోరు కొత్తది... ఇక నా కారేదిరా అందులో?’ అన్నారు నాతో.

దాంతో కోత మొదలైంది. రెండు వైపులా ఒకేసారి కోయకూడదు. ముందు తలుపు ఉండే ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేసి బిగించారు. ఒక వైపు పొరలన్నీ విప్పి, కొత్తవి ఒక్కొక్కటీ చుక్కలు చుక్కలుగా అతికి, ప్రతి చుక్కకూ తలుపు పెట్టి చూశారు. తలుపుకూ బాడీకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉంటే కారు వంగలేదని లెక్క. ఒక్క ఎడమ వైపే తొమ్మిది నెలలు పట్టింది. పక్కింటాయన వెల్డింగ్, పెదనాన్న తలుపు. మోకాలి నొప్పితో రోజుకు ఎన్నిసార్లు వంగి లేచారో పెద్దమ్మకు తెలుసు. ఆ లెక్క చెప్పేటప్పుడు ఆవిడ గొంతు అంత మెత్తగా లేదు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

నేను వెళ్లేసరికి రంగు పడింది, ఇంజను ఎక్కింది. ఇంకా తెగని తగాదా ఒకటుంది. పాత కారును పాతగానే ఉంచాలా, ఈనాటి రోడ్డుకు తగ్గట్టు మార్చాలా అని.

కొన్ని మార్పులకు ఎవరూ అడ్డు చెప్పలేరు. బ్రిటన్‌లో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు బంకుల్లో లేదు. ఆ సీసమే పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా కాపాడేది. అందుకని హెడ్ విప్పించి గట్టి సీట్లు వేయించారు. 2021 నుంచి అక్కడి మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మన దగ్గర ఇరవైకి వెళ్లాం కదా, పాత బండ్లున్నవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. అది పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. పైపులన్నీ మార్చారు. డిస్ట్రిబ్యూటర్ మూత కింద పాయింట్లు తీసేసి చిన్న ఎలక్ట్రానిక్ ముక్క పెట్టారు. బయటికి ఏమీ తెలియదు.

తగాదా డాంపర్ల దగ్గర వచ్చింది. ఈ కారుకు మన బండ్లలోలా గొట్టం షాక్‌అబ్జార్బర్లు ఉండవు. ఆఫీసు తలుపు నెమ్మదిగా మూసుకోవడానికి పైన ఒక చేయి బిగిస్తారే, ఆ పద్ధతి. 1962లో మోడల్ వచ్చినప్పుడే అది పాత సరుకు. అవే ఉండాలని పెదనాన్న. ఫ్యాక్టరీలో పనిచేసినవాడు కదా, పక్కింటాయన కూడా అదే అంటాడనుకున్నాను. ‘మాకు డబ్బిస్తే ఎప్పుడో మార్చేవాళ్లం. పైవాళ్లు ఇవ్వలేదు. ఆ పిసినారితనాన్ని మీరిప్పుడు సంప్రదాయం అంటున్నారు’ అన్నాడాయన. పెదనాన్న దగ్గర జవాబు లేదు.

తీర్పు చెప్పింది మనవరాలు. వయసు ఇరవై మూడు, నడిపేది ఎలక్ట్రిక్ కారు. ‘బెల్టు సరిగా లేకపోతే, బ్రేకు తొక్కితే ఆగకపోతే నేనెక్కను తాతా’ అంది. అక్కడ డెబ్భై దాటాక మూడేళ్లకోసారి డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరించుకోవాలి. పెదనాన్నది 2025 జనవరిలో మూడోసారి అయింది. నాలుగోసారి కంటిచూపు ఒప్పుకుంటుందో లేదో ఒక కంటి డాక్టరు స్నేహితుడు ఆయనకు ముందే చెప్పాడట. ఆ మాట పెదనాన్న నాతో అన్నది కారు కింద పడుకుని ఉన్నప్పుడు. మొహం కనిపించలేదు.

వెనక డాంపర్లు మారాయి. బ్రేకుకు సర్వో వచ్చింది. వాటంతట అవే చుట్టుకునే మూడు కొసల బెల్టులు వచ్చాయి. వెనక లైట్లలో ఎల్‌ఈడీ బల్బులు. స్టీరింగు, మీటర్లు, సీట్ల చట్రాలు మాత్రం పాతవే. తీసేసిన ప్రతి ముక్కకూ చీటీ కట్టి అట్టపెట్టెలో పెట్టారు. రేపు ఎవరికైనా బుద్ధి పుడితే నాలుగు బోల్టులు విప్పి మళ్లీ బిగించుకోవచ్చు.

ఏడో రోజు ఇంజను స్టార్టు చేశారు. ఎంజీబీకి రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజను నిదానంగా తిరుగుతుంది. మెకానిక్కులు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి బుస వింటారు. పెదనాన్న స్టెతస్కోపు తెచ్చారు. గుండె మీద ఆనించే బిళ్ల పీకేసి, గొట్టం కొసను ముందొక దాని దగ్గర, తర్వాత రెండో దాని దగ్గర పెట్టి, స్క్రూ పావు తిప్పు తిప్పి, మళ్లీ విన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. గడగడలాడుతున్న ఇంజను క్రమంగా సర్దుకుంది. కళ్లు మూసుకున్నాను. నిజమే... తాతయ్య అంబాసిడర్ వాకిట్లో ఆగినట్టే ఉంది.

ఎనిమిదో రోజు ఎంఓటీ పరీక్ష. మన ఫిట్‌నెస్ లాంటిది. 2018 నుంచి, నలభై ఏళ్లు దాటి పెద్దగా మార్పులు చేయని కార్లకు అది తప్పనిసరి కాదు. అయినా చేయించి తీరాలని పక్కింటాయన పట్టుబట్టాడు. తన వెల్డింగ్ మీద ఇంకొకరి మాట కావాలట. పరీక్ష చేసినతను కారును పైకెత్తించి, కొత్త సిల్ పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లాడు. పాస్. ఇంజను కింద కాస్త ఆయిల్ చెమరుస్తోందని మాత్రం కాగితం మీద రాశాడు. ‘చెమర్చకపోతే అందులో ఆయిల్ లేదని అర్థం’ అన్నాడు పక్కింటాయన.

తాళం పెదనాన్న చేతిలో ఉంది. కాసేపు ఉంది. తర్వాత మనవరాలికిచ్చి, ఆయన చుట్టూ తిరిగి ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నారు. నలభై ఆరేళ్లలో ఆ సీట్లో కూర్చోవడం ఆయనకదే మొదటిసారి. ఆ పిల్ల లైసెన్సు పరీక్ష తర్వాత క్లచ్ తొక్కలేదు. గేటులోనే రెండుసార్లు ఆగిపోయింది. వెనకాల వ్యాన్‌లో నేనూ పక్కింటాయనా. రెండోసారి ఆగినప్పుడు పెదనాన్న చేయి స్టీరింగు వైపు వెళ్లి, మళ్లీ ఒళ్లోకి వచ్చేసింది. మూడోసారి కారు కదిలింది. రోడ్డెక్కే చోట ఇంటికి కుడివైపు తిరగాలి. నీలం కారుకు ఎడమ ఇండికేటర్ వెలిగింది, నది వైపు. పక్కింటాయన ఏమీ అనకుండా తనూ ఎడమకే తిప్పాడు.