కోసిగి గుట్టల్లో డబ్బా వేట

రాత్రిపూట గుట్ట మీద నలుగురు మగవాళ్లు టార్చిలైట్లతో తిరుగుతుంటే మా పక్క జనానికి వచ్చే అనుమానం ఒక్కటే. గుప్తనిధులు. విలేకరిగా నేనే ఎన్ని వార్తలు రాసినానో లెక్క లేదు. పాత గుడి పక్కన గుంత, నిమ్మకాయలు, కుంకుమ, వదిలేసిపోయిన గడ్డపార. మా కర్నూలు జిల్లాలో మట్టి కింద ఏదో ఉందన్న నమ్మకం ఊరికే రాలేదు మరి. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం ఈ రోజుకీ నడుములు వంచి తిరుగుతుంటారు.

అట్లాంటి చోట, డాలస్ నుంచి సెలవుకొచ్చిన మా ఖాలా కొడుకు "భాయీజాన్, రాత్రికి ఖజానా వెతకనీకి పోదామా?" అన్నాడు.

ఖజానా కాదులెండి, ఆట. పేరు జియోకాషింగ్. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ జాగా అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్లో పెడతారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ అంకెలు పట్టుకుని వెతుక్కుంటూ పోతారు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడి డబ్బా అక్కడే పెట్టి రావాల. లోపలిది ఏదైనా తీసుకుంటే, దానికి తగ్గ వస్తువు ఇంకొకటి పెట్టాల. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలిపే తేడాను ఆపేసింది. అంతవరకు మామూలు జనం పరికరాల్లో వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. మరుసటి రోజే ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచి అంకెలు బయటపెట్టినాడు. ఆట అక్కడ మొదలైంది. ఆట తెలియని బయటివాళ్లను "మగుల్స్" అంటారంట, హ్యారీ పాటర్ నుంచి తెచ్చుకున్న మాట. లెక్కల మాస్టరైన నా ఉర్దూ స్కూలు దోస్తు దాన్ని "మొఘల్స్" అని విని, "మనల్ని వీళ్లు ఇక్కడా వదల్లేదా?" అన్నాడు.

మా బేగం మాత్రం నవ్వలేదు. "రాత్రి, గుట్ట, ఫోన్లో నక్షా, బండ కింద డబ్బా, మీ పేర్లు. పేపరోళ్లు కదా, ఇవన్నీ ఒక్క హెడ్డింగులో రాసి చూడండి" అంది.

రాసి చూసినాను, మనసులోనే. రాసినాక స్టేషనుకు ఫోన్ చేసి ఫలానా రాత్రి ఫలానా చోటికి ఆటకు పోతున్నామని చెప్పినాను. "ఆడుకోనీకి పోలీసులకు చెప్పాల్నా?" అని తమ్ముడు ఆశ్చర్యపోయినాడు. అమెరికాలోనూ ఈ డబ్బాలను చూసి బాంబు స్క్వాడును పిలిచిన సందర్భాలున్నాయని వాడే ఒప్పుకున్నాడు. అందుకే లోపలున్నది బయటికి కనబడే పారదర్శకమైన డబ్బా పెట్టడం, మీద ఇదేమిటో రాయడం, భూమి యజమాని ఇజాజత్ తీసుకోవడం మంచి పద్ధతి అంట. పాత కట్టడాల జోలికి పోవద్దని ఆదోని ఖిలాను ముందే వద్దనుకున్నాం. కోసిగి పక్కన మా పూలంగడి దోస్తు మేనమామకు గుట్టను ఆనుకుని చేను ఉంది. ఆయన సరే అన్నాక తమ్ముడు బుధవారం మధ్యాహ్నమే ఊరగాయ డబ్బా దాచి వచ్చినాడు.

పూలంగడి దోస్తు గురించి ఒక మాట. మఠం వీధిలో వాడి అంగడి. మంత్రాలయంలో పుట్టినోళ్లకు చెప్పక్కర్లేదు, ఆ ఊరు రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని మఠం కథలే చెప్తాయి. "మీవాళ్లు ఇచ్చిన జాగాలోనే నా వ్యాపారం, బాడుగ అడగొద్దు" అని వాడు చిన్నప్పటి నుంచి అనే జోకు. గురువారం వానికి గిరాకీ, శుక్రవారం మాకు జుమా. అందుకే శుక్రవారం ఇషా అయినాక రెండు బండ్ల మీద బయలుదేరినాం.

ఫిబ్రవరి నెల. సుగ్గికి పోయిన ఇండ్లకు తాళాలు. కోసిగి పక్క సగం జనం మిరపకాయలు కోయనీకి గుంటూరు దిక్కు పోయి ఉంటారు. తాళాలేసిన వీధిలో మోటారు సైకిల్ చప్పుడు ఎంత పెద్దగా వినబడుతుందో అప్పుడే తెలిసింది.

గుట్ట ఎక్కడం కష్టం కాదు, అడుగు పెట్టడమే కష్టం. ఏనుగంత బండ మీద ఇల్లంత బండ. సందుల్లో తేళ్లుంటాయని కట్టెతో తట్టుకుంటూ పోయినాం. దారి గుర్తులకు తమ్ముడు అక్కడక్కడ రేడియం స్టిక్కర్లు అంటించినాడు, సైకిల్ మడ్‌గార్డుకు వేస్తారే, అవి. లైటు పడితే చీకట్లో ఎర్ర చుక్క వెలుగుతుంది. ఫోన్లో అంకెలు మాత్రం మొరాయించినాయి. నిమిషంలో వెయ్యో వంతు మారితే నేల మీద దాదాపు రెండు మీటర్లు. బండల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి బాణం ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమరకు.

ఊపిరి తీసుకోనీకి కూర్చున్నప్పుడు మాస్టర్ అల్ బీరూనీని తీసినాడు. వెయ్యేళ్ల కింద ఖిబ్లా దిక్కు సరిగా తేల్చాలంటే ముందు ఊరి అక్షాంశ రేఖాంశాలు తేలాలని ఆయన పుస్తకమే రాసినాడు. పంజాబులో నందన కోట దగ్గర కొండెక్కి, దిగంతం ఎంత కిందికి వంగి కనబడుతుందో కొలిచి, భూమి ఎంత పెద్దదో లెక్క కట్టినాడు. "శాటిలైట్ లేదు, స్టిక్కర్లూ లేవు" అన్నాడు మాస్టర్, తమ్ముడి దిక్కు చూసి. ఉర్దూ స్కూల్లో మాకు ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. నేను దీన్ని చదివింది తెలుగులో, డిగ్రీ అయినాక.

అప్పుడు కింద నుంచి కుక్క మొరిగింది. వెనకనే గొంతు.

"ఎవురప్పా ఆడ?"

చేలో గొర్రెల మంద వేసుకున్న కాపరి. కంబడి, చేతిలో కట్టె, పక్కన కొడుకు. పైకి వచ్చి లైటు మా ముఖాల మీద వేసినాడు.

"తవ్వనీకి వచ్చినారా? పేర్లేంది? ఏ ఊరు?"

నేను నోరు తెరిచేలోపల పూలంగడి దోస్తు ఒక అడుగు ముందుకేసి తన పేరు, తండ్రి పేరు, మేనమామ పేరు, చేను సర్వే నంబరుతో సహా చెప్పేసినాడు. మా పేర్లు వాడి వెనకాల వరుసగా వచ్చినాయి. వాడు ఇట్లా చేయడం కొత్త కాదు. లాడ్జిలో, చెక్‌పోస్టు దగ్గర, ఇల్లు బాడుగకు అడిగేటప్పుడు, ముందు వాడి పేరే పోతుంది. దీని గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాకది నచ్చదు. ఆ రాత్రి మాత్రం గుండె నెమ్మదించింది, అబద్ధమెందుకు.

ముసలాయన మా పేర్లు విని, "పీర్ల చావిడి కాడోళ్లా?" అన్నాడు. తరువాత నింపాదిగా, "మీరు ఎతికేది ఆ పచ్చడి డబ్బానేనా?" అన్నాడు.

మొన్న మధ్యాహ్నం తమ్ముడు దాస్తుంటే చూసినాడంట. నిధి తవ్వేటోళ్లు గుర్తు పెట్టిపోయినారేమోనని, వాడు పోయినాక తీసి చూసినాడు. పుస్తకం, పెన్సిలు, రెండు అమెరికా నాణేలు, మిగిలిన స్టిక్కర్లు. మళ్లీ యథాప్రకారం పెట్టేసి, ఎవరొస్తారో చూద్దామని రెండు రాత్రులు నిద్ర కాచినాడు.

"నాణేలు తీసుకోలేదేం తాతా?" అని తమ్ముడు అడిగితే, "నాదా అది?" అన్నాడు. అమానత్ అనే మాటను నేను మద్రసాలో కంఠస్థం చేసినాను. ఆయన ఆ మాట వాడలేదు.

డబ్బా ఉన్న బండకు ఆయనే తీసుకుపోయినాడు. ఫోను చూపించిన చోటికి ఏడెనిమిది మీటర్ల అవతల. నలుగురం పేర్లు రాసినాం, నేను ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ముందు కనుక్కున్నది ఆయనే కాబట్టి మొదటి వరుస ఆయనకు వదిలినాం. రాయను రాదన్నాడు. పెన్సిలు పట్టుకుని, తన గొర్రెలకు రంగుతో వేసే గుర్తు గీసినాడు. సున్నా, దానికి అడ్డంగా రెండు గీతలు.

"మీ ఆటలో ఒకటి తీసుకోవచ్చు అంటిరి కదా?" అని ఆయన కోరింది నాణేలు కాదు, స్టిక్కర్లు. మంద రోడ్డు దాటేటప్పుడు లారీలోళ్లకు చీకట్లో గొర్రెలు కనబడవంట. బదులుగా గొర్రె మెడలోని చిన్న గంట ఒకటి విప్పి డబ్బాలో వేసినాడు. గుట్ట దిగి, మందలో ముందు నడిచే పొట్టేళ్ల మెడపట్టీలకు, కుక్క పట్టీకి, ఆయన కట్టెకు స్టిక్కర్లు అంటిస్తూ కూర్చునేసరికి పన్నెండు దాటింది. కుక్క మాత్రం చివరిదాకా మాస్టర్‌ను దగ్గరికి రానియ్యలేదు.