తలగుడ్డ

నా తప్పిదము నొకదానిని మీతో చెప్పుకొనవలెనని యున్నది.

హిందూపురమునుండి పెనుకొండ, ధర్మవరము సంఘములను దర్శించుచు తిరుగుట నా పని. కొన్ని యేండ్ల క్రిందట ధర్మవరము చేరువనున్న ఒక పల్లెలో, మిట్టమధ్యాహ్నము గుడి వాకిట కోత పండుగ జరుగుచుండెను. ఆరేండ్ల బాలుడొకడు తలమీద తువ్వాలు కప్పుకొని కూర్చుండెను. ప్రార్థనవేళ తల కప్పుకొనరాదని వానిని గద్దించితిని. వాడు తువ్వాలు తీసి, కూటము ముగియువరకు ఎండలోనే యుండెను.

మూడవ దినమున తల్లి వానిని తీసికొనివచ్చెను. ముఖమంతయు కమిలి బొబ్బలెక్కియుండెను. చెక్కిళ్లనిండ నల్లని మచ్చలు. ముక్కు ప్రక్కను మానని పుండు. ఊరివారు కొందరు కుష్ఠు అనిరి, కొందరు తల్లిదండ్రుల పాపమనిరి. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులడిగిన ప్రశ్నయే అది. దానికి ప్రభువు చెప్పిన జవాబును ఎన్నిమారులో ప్రసంగించిన నేనును ఆ దినమున మౌనముగానుంటిని.

వారితోకూడ ఆసుపత్రికి వెళ్లితిని. అది జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అను పుట్టు రోగమనియు, అంటువ్యాధి కాదనియు వైద్యుడు చెప్పెను. ఎండలోని అతినీలలోహిత కిరణములు మనయందరి చర్మకణములను గాయపరచును; దేహమే వాటిని బాగుచేసికొనును. నేతగాడు తెగిన పోగును అతికి నేత సాగించును గదా! ఈ బిడ్డలలో ఆ అతుకు పని సరిగా జరుగదు. 1968లో జేమ్స్ క్లీవర్ అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతి కనుగొనెను. 20 ఏండ్లలోపువారిలో సాధారణ చర్మ కేన్సరు భయము ఇతరులకంటె సుమారు 10,000 రెట్లు హెచ్చట.

లోపముగల జన్యువును తల్లియు తండ్రియు చెరియొకటి మోయుచున్నయెడల, వారు ఆరోగ్యముగానే యుందురు. గాని ప్రతి కాన్పునందును బిడ్డకు ఈ రోగము వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశముండును. ఒకే రక్తసంబంధములో పెండ్లియైనప్పుడు ఇట్టి కలయిక హెచ్చు. ఆ దంపతులు మేనరికమువారు. వారి వివాహము జరిగించినవాడను నేనే. ఇది వారి పాపము కాదు. అయినను పెండ్లి నిశ్చయించుటకు ముందే ఈ సంగతి చెప్పుట కాపరుల విధియని ఇప్పుడెరుగుదును.

ఆ పుండు కేన్సరే. చిన్నదిగా నున్నప్పుడే కోసి తీసివేసిరి. ఈ రోగమును మాన్పు మందు ఇంకను లేదు. ఎండ తగులకుండ కాపాడుటయు, క్రొత్త మచ్చగాని పుండుగాని కనబడినవెంటనే వైద్యునికి చూపుటయు మన చేతిలోనున్నవి. సంఘస్త్రీలు వానికి పొడుగు చేతుల చొక్కాలు కుట్టిరి. కిటికీ అద్దమునుండియు కొన్ని కిరణములు దూరునని విని, గుడి కిటికీలకు మందపు తెరలు కట్టిరి. కోత పండుగను ప్రొద్దు గ్రుంకిన తరువాతకు మార్చితిమి.

మరుసటి యేడు ఆ పండుగలో వాడు ముందు వరుసను కూర్చుండి, ప్రార్థనవేళ తానే తువ్వాలు తీసి ఒడిలో పెట్టుకొనెను. నేనేమియు చెప్పలేదు.

మీ సంఘములో ఎండకు ఓర్వని బిడ్డ యున్నయెడల, గద్దింపకముందు కారణమడుగుడి.