అరకు కొండల్లో నాటు తుపాకి

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కినవాళ్ళకి దారిలోని వింతలు చెప్పడానికి మనుషులు కరువుండదు. ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయనీ, శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉందనీ పక్క సీటు పెద్దమనిషి అడక్కుండానే చెప్పేస్తాడు. అరకులో దిగాక కాఫీ, వలిసె పూలు, థింసా నృత్యం, వెదురుబొంగులో కోడికూర ఎలాగూ ఉన్నాయి. ఇవన్నీ అయ్యాక ఇంకా ఒక పూట మిగిలితే, తారురోడ్డు వదిలి కొండవాలున ఉన్న ఏ ఊళ్ళోకయినా నడిచివెళ్ళండి. ఏదో ఒక ఇంట్లో, చూరు కింద, గోనెగుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి ఉండవచ్చు. దాన్ని గురించి మాత్రం ఎవరూ అడక్కుండా చెప్పరు. చాలామంది అడిగినా చెప్పరు.

అదే నాటు తుపాకి. మూతివైపు నుంచి మందు పోసి, గుండు వేసి, గజంతో దట్టించి పేల్చేది. వెనకనుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చి నూటయాభై ఏళ్ళు దాటింది. పట్టణాల్లో ఈ పాతరకం గాజుబీరువాల్లోకి చేరిపోయింది. ఈ కొండల్లో మాత్రం ఇంకా దానికి పని ఉంది.

నాకు దాన్ని విప్పి చూపించినాయన భగత కులస్థుడు, డెబ్బై దాటిన ముసలాయన. ఆయన తుపాకికి లైసెన్సు ఉంది కనుక ధైర్యంగానే చూపించాడు. ముందు మమ్మల్నందర్నీ వెనక్కి జరగమన్నాడు. మూతి ఆకాశంవైపు తిప్పి, గజాన్ని గొట్టంలోకి జారవిడిచాడు. గజం మీద కత్తితో గీసిన గీత ఒకటి సరిగ్గా మూతిదగ్గర ఆగింది.

“ఈ గీత ఇక్కడాగితే కాళీ బాబూ. గీత పైకి నిలబడిపోయిందనుకో, కడుపుతో ఉన్నట్టు. ఎవులు సెప్పినా నమ్మకూడదు. గజమొక్కతే నిజం సెప్తాది.”

ఇంతకంటే మంచి మొదటిపాఠం ఏ శిక్షణాలయంలోనూ దొరకదు. తూటా తుపాకి తెరిస్తే లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది. మూతి తుపాకిలో ఏముందో పైకి తెలియదు. ఒకసారి దట్టించాక పేల్చడమే తేలిక, బయటికి తీయడం కష్టం. అందుకే చాలాచోట్ల మందుతోనే చూరులో పెట్టేస్తారు. ఇంట్లో పిల్లలుంటారు. ప్రమాదాలకు ఇదొక పెద్ద కారణం.

తర్వాత తన సంచీ బోర్లించాడు. పశువు కొమ్ముతో చేసిన మందుకొమ్ము, మందు కొలవడానికి చిటికెనవేలంత వెదురుగొట్టం, కొబ్బరిపీచు, సీసపు రవలు, రాగిటోపీల డబ్బా, తుపాకి చెవిలో మసి పేరుకుంటే పొడవడానికి ఒక సూది, నూనెగుడ్డలు. అంతే సరంజామా. ఇందులో ఏది లోపించినా తుపాకి ఉట్టి ఇనపకర్ర.

మందు ముందు, దానిపైన పీచు, పీచుమీద రవలు, మళ్ళీ పీచు. ప్రతిసారీ గజంతో దట్టింపు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలిందంటే పేలేది గుండు కాదు, గొట్టం. అందుకని గజం ఆనేదాకా దట్టించాలి. టోపీ పెట్టడం అన్నిటికంటె ఆఖరున, మూతి ఎవరివైపూ లేకుండా చూసుకొని. కొమ్ములోంచి మందు తిన్నగా గొట్టంలోకి పోయకూడదు, ఎంత తొందరైనా సరే. ముందు దెబ్బ తాలూకు నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే, గొట్టంలోకి పడుతున్న మందు అంటుకొని కొమ్ముతో సహా చేయి పోతుంది. కొలతగొట్టం అందుకే. గుర్రం కొట్టినా పేలకపోతే కొంచెంసేపు మూతి అలాగే దూరంగా పట్టుకొని నిలబడాలి. లోపల నిప్పు ఆలస్యంగా రాజుకోవచ్చు. ఇక కొత్తరకం పొగలేని మందు ఇందులో పోస్తే, ఆ వేడిమికీ ఒత్తిడికీ గొట్టం చీలిపోతుంది. ఇవన్నీ ముసలాయన వేళ్ళతో ముడులు లెక్కపెట్టినట్టు చెప్పుకుపోయాడు.

పేల్చి చూపించమని అడిగాను. నవ్వి, “సేను కాపలాకిచ్చిన కాయితం బాబూ, తమాసాకి కాదు” అన్నాడు. నాకు కొంచెం నిరుత్సాహమనిపించినా, ఆ మాట బాగుంది.

నల్లమందుది మహా దాహం గల స్వభావం. పేలాక మిగిలే మసి గాలిలో తేమంతా పీల్చేసుకుంటుంది. అరకులో తేమకేం కొదవ? వానాకాలం నెలల తరబడి మబ్బు ఇళ్ళలోకే వచ్చి కూచుంటుంది. కనుక పేల్చినరోజే వేడినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే గొట్టం లోపల తుప్పు తినేస్తుంది. ఆ తుప్పు పైకి కనిపించదు. మరుసటి సంవత్సరం పేలినప్పుడు కనిపిస్తుంది!

ఈ తుపాకి మూడు పుట్టుకలు పుట్టింది. మొదట జామగి తుపాకి. ఎర్రగా కాలుతున్న తాడును రంజకానికి అంటించేది. తర్వాత చెకుముకి రాయి. 1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండు మతగురువు దెబ్బతో పేలే రసాయనాన్ని తుపాకికి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చెకుముకి మెరుపు చూసి పిట్టలు ముందే ఎగిరిపోతున్నాయట, అదీ ఆయన బాధ. ఆ పద్ధతే పెరిగి నేటి టోపీ అయింది. 1857లో సిపాయిలకు కోపం తెప్పించిన కొవ్వు తూటాల ఎన్‌ఫీల్డు తుపాకి కూడా మూతినుంచి దట్టించేదే. కాగితపు తూటాను పళ్ళతో కొరికి మందు పొయ్యాలి కాబట్టే కదా అంత రగడ!

ఆ తర్వాత దొరలకు నల్లవాడి చేతిలో తుపాకి కనబడితే నిద్రపట్టలేదు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. మరుసటి ఏడే, ఇవే తూర్పు కనుమలు గోదావరివైపు దిగేచోట, రంప పితూరి లేచింది. కొండవాళ్ళ చేతుల్లో ఉన్నవి జామగి తుపాకులు. 1922లో అల్లూరి సీతారామరాజు పద్ధతి వేరు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద పడి, సర్కారువారి తుపాకులే 26, తూటాలు రెండున్నర వేలదాకా పట్టుకుపోయాడు. పట్టుకుపోయినవాటికి చీటీ రాసి సంతకం చేసి మరీ! అయితే తూటా తుపాకికి ఒక లోపముంది: తూటాలు అయిపోతే మళ్ళీ సర్కారు స్టేషనుకే వెళ్ళాలి. అక్టోబరులో అడ్డతీగల స్టేషనుకు వెళ్ళేసరికి ఆయుధాలను ముందే తరలించేశారు. నాటు తుపాకికి ఆ దిగులు లేదు. చారెడు మందు, కాస్త సీసం ఉంటే చాలు. కొండల్లో అది ఇన్నాళ్ళు బతకడానికీ, ప్రభుత్వాలు దాన్ని అనుమానంగా చూడడానికీ కారణం ఒకటేనని నాకనిపిస్తుంది.

2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం పాడేరు కేంద్రంగా ఆ సీతారామరాజు పేరిటే జిల్లా అయింది. నాటు తుపాకి కష్టాలు మాత్రం తీరలేదు.

చట్టంలో దారి లేకపోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షనులో, పంట కాపాడుకోడానికి మూతి తుపాకికి లైసెన్సు ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది. చోడి, సామ, కంది పొలాల్లో రాత్రిపూట అడవిపందుల మంద పడితే ఏం మిగులుతుందో ఆ సెక్షను రాసినవారికి తెలిసే ఉండాలి. 2016 నాటి నియమాల ప్రకారం శిక్షణ పొందినట్టు కాగితం కూడా చూపాలి. 2019 సవరణతో లైసెన్సు కాలం మూడేళ్ళనుంచి అయిదేళ్ళకు పెరిగింది. ఎన్నికలొస్తే తుపాకి తెచ్చి స్టేషనులో అప్పగించాలి. “ఎలచ్చనొస్తే దీనికీ సెలవే, నాకూ సెలవే. పందులికి మాత్రం నేదు” అన్నాడు ముసలాయన.

లైసెన్సు ఉన్నా వేటకు మాత్రం చెల్లదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను మాన్పించింది. పంట పాడుచేసే జంతువును కొట్టాలన్నా అధికారుల అనుమతి కావాలి. అమెరికాలో మూతి తుపాకివాళ్ళకోసం కొన్ని రాష్ట్రాలు వేటకాలమే విడిగా పెడతాయి. మనదేశంలోనే కొడగులో కొడవ జాతివాళ్ళకీ, జమ్మా భూముల హక్కుదారులకీ లైసెన్సే అక్కరలేదు, 1861 నుంచి వస్తున్న మినహాయింపు. అరకు కొండవాడికి అలాంటిదేమీ లేదు. కాగితాల కోసం పాడేరు చుట్టూ తిరగడానికి కూలిదినాలు పోతాయి. అందుచేత లైసెన్సు లేకుండానే చాటుగా చేయించుకుంటాడు.

అసలు ప్రమాదం ఆ చాటుతనంలోనే ఉంది. చాటున చేసిన గొట్టం ఎంత ఒత్తిడికి ఆగుతుందో పరీక్షించినవాడుండడు. పొద కదిలితే పందనుకొని కాలిస్తే అవతల తోటివాడు ఉన్న ఘటనలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. గాయపడితే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళితే తుపాకి సంగతి బయటపడుతుంది. ఆ భయంతో ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. పోలీసులు ఊరూరా తిరిగి నాటు తుపాకులు అప్పగించమని అడుగుతున్నారు, కొందరు అప్పగిస్తున్నారు. మంచిదే. కాని తుపాకి తీసుకున్న చేతితోనే 13వ సెక్షను కాగితం కూడా ఊరికి పట్టుకొస్తే, నిజంగా చేను కాచేవాడి చేతికి పరీక్షించిన తుపాకీ, గజంమీద గీత పాఠమూ రెండూ అందుతాయి.

చైత్రమాసంలో అరకు వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. ఆ నెల ఇక్కడ ఇటుకల పండుగ. మగవాళ్ళు అడవికి వేటకు వెళ్ళడం తరాల ఆచారం. వట్టిచేతులతో తిరిగొచ్చినవాళ్ళమీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. చట్టమేమో వేటాడవద్దంటుంది, వదినలేమో వట్టిచేతుల్తో రావద్దంటారు! ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ బస్సుల్నీ కార్లనీ ఆపుతారు. పండుగ మామూలు ఇస్తేగాని కర్ర లేవదు. చిల్లర దగ్గర ఉంచుకోండి.