నడికడలిలో బంతిభోజనము

తిండిని గూర్చి వ్రాయుట తేలికపని యని పలువురి యభిప్రాయము. ఏమేమి తింటిమో చెప్పుట తేలికయే. తినునప్పుడు కలిగిన సంతోషము ఎక్కడినుండి వచ్చినదో చెప్పుట మాత్రము అంత తేలిక కాదు. 2022వ సంవత్సరము జూన్ మాసమున మేము సకుటుంబముగా చెన్నపట్టణపు రేవునుండి విశాఖపట్టణము వరకు ఒక విహారనౌకలో ప్రయాణము చేసితిమి. రెండు రాత్రులును ఒక పగలును సముద్రముమీద గడపితిమి. ఆ ప్రయాణములో మేము చూచిన సముద్రముకన్న తిన్న తిండియే యెక్కువ యని మా పిల్లలు నేటికిని పరిహసించుచుందురు. అందులో కొంత నిజము లేకపోలేదు.

మేము పెరంబూరు వాసులము. మా కుటుంబము ఇచ్చట స్థిరపడి 80 ఏండ్లయినది. ఇంట తెలుగు, వీథిలో తమిళము, కచేరీలో ఇంగ్లీషు. వంటయింటిలో మాత్రము అన్నియు కలిసియే యుండును. పిల్లలు చాలు అనుటకు మారుగా ‘పోదుం’ అందురు. నాయనమ్మను ‘అవ్వా’ యని పిలుతురు. ఇతర రాష్ట్రములలో నెలకొన్న మీ యిండ్లలోను ఇట్టి కలగలుపు ఉండియే యుండును గనుక దానిని విస్తరింపము.

ఈ ప్రయాణమునకు కారణము మా తల్లిగారు. వారికి అప్పటికి 87 ఏండ్లు. ఆ నౌక విశాఖకు పోవుచున్నదని విన్న దినమున వారు, “చిన్నప్పుడు ఓడలోనే విశాఖలో దిగినాను. ఇంకొక్కసారి ఓడలోనే పోయి దిగవలెనని ఉన్నది” అనిరి. అంతకుమించి ఏమియు చెప్పలేదు. ఎన్నడును ఏమియు కోరనివారు కోరిన కోరిక కావున వెంటనే టిక్కెట్లు కొంటిమి. బయటి తినుబండారములు నౌకలోనికి తేరాదని టిక్కెట్లతో నిచ్చిన సూచనలలో ఉండెను. అందుచేత తల్లిగారు మూటకట్టి సిద్ధము చేసిన ఆవకాయ జాడీ ఇంటనే ఉండిపోయినది. “రెండు పూటలు ఆవకాయ లేకపోతే చచ్చిపోము లెండి” అని వారే మమ్ము ఓదార్చిరి గాని, ఓదార్పు ఎవరికి కావలసియుండెనో వారి ముఖము చూచినవారికి తెలియును.

ఆ నౌక పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మింపబడినది. పదునొకండు అంతస్తులది. ఎక్కిన గంటలోపలనే పిల్లలు ఏ యంతస్తున ఏమి దొరకునో కనిపెట్టి వచ్చిరి. ఒకచోట ఎవరికి వారు వడ్డించుకొను శాల. మరియొకచోట తెల్లని గుడ్డలు పరచిన బల్లలతో, వరుసక్రమమున ఒక్కొక్క పదార్థమును తెచ్చి వడ్డించు శాల. జైనులకు ఉల్లియు దుంపలును లేని వంటకములు వేరుగా నుండెను. ఇట్టి నౌకలలో రగులు మంటతో వంట చేయరు. ఓడకు నీటికన్న నిప్పు భయంకరమైనది గనుక విద్యుత్తుతోను ఆవిరితోను వండుదురు. పొయ్యిల అంచులకు కమ్ములు బిగించి, ఓడ ఒరిగినను గిన్నెలు జారకుండ చేయుదురు. పొగలేని వంటయింటినుండి వేలమందికి పూటపూటకును వేడియన్నము వచ్చుచుండుట మాకు ఒక వింతగానే తోచినది.

మొదటి రాత్రి భోజనమునకు తెల్లగుడ్డలశాలకు పోయితిమి. ముందుగా టమాటా సూపు తెచ్చిరి. తల్లిగారు ఒక చెంచా రుచి చూచి, “ఇంగువ వేయడము మరచిపోయిన చారు” అనిరి. బల్లచుట్టు నున్నవారమందరము నవ్వితిమి. తరువాత రొట్టెలు, పనీరు కూర, నల్లని మినుములు నేతితో ఉడికించిన పప్పు, పొడవైన బాసుమతి యన్నము వచ్చినవి. ఆ పప్పు మిక్కిలి రుచిగా నుండెను. మూడుమారులు వేయించుకొంటిమని చెప్పుటకు మేము సిగ్గుపడము. కడపట చిన్న గిన్నెలో చల్లని మీగడ తీపి తెచ్చిరి. గవాక్షమునకు ఆవల చీకటి, ఈవల దీపములు, కాళ్లక్రింద యంత్రముల సన్నని కంపము. ఆ హాయి ఇంటిలో దొరకునది కాదు.

విహారము కొరకే సముద్రయానము చేయుట పురాతనమైన యాచారము కాదు. జర్మనీ దేశపు ఆగస్టా విక్టోరియా యను నౌక 1891 జనవరిలో కుక్స్‌హాఫెన్ రేవునుండి మధ్యధరా సముద్రమునకు విలాసయాత్రకు బయలుదేరినది. ఆ కంపెనీవారే 1905లో అమెరికా యను తమ నౌకపై రిట్జ్ పేరుగల భోజనశాలను నెలకొల్పిరి. ధనికులకు ఓడ ఒక విందుశాలయైన ఆ కాలముననే మన తూర్పుతీరమున ఓడ యనగా వేరొక యర్థముండెను. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖ, కాకినాడ రేవులనుండి వేలకొలది మనవారు కూలికై రంగూనునకు పోయెడివారు. యానాము చెంతనున్న కోరంగి రేవు పేరే బర్మాలో మనజాతికి పేరై, వారిని ‘కోరంగీలు’ అనిరి. వారికి గదులు లేవు, బల్లలు లేవు. ఓడ పైతట్టుమీద చాప పరచుకొన్న జాగాయే పడకయు, వంటయిల్లును, భోజనశాలయును.

ఈ సంగతి మాకు పుస్తకములలో తెలిసినదే. రెండవనాటి ఉదయమున మా బల్లయొద్దకే వచ్చినది.

ఆ ఉదయము ఎవరికి వారు వడ్డించుకొను శాలకు పోయితిమి. ఇడ్లీ, ఉప్మా, అటుకులు, పూరీ, రొట్టె, గ్రుడ్లు, పండ్లు, అయిదారు విధములైన తీపులు. వీనిని చూచిన కన్నులకు కడుపు కొలత గుర్తుండదు. మా మనుమడు పళ్లెము నిండ గుట్టగా పోసికొని వచ్చి, అందులో నాలుగవవంతు తిని, తక్కినది ప్రక్కకు త్రోసివైచెను. వానిని నిందించి లాభము లేదు. మా పళ్లెమును అంత ఖాళీగా లేదు. అట్లు మిగిలినది ఏమగునని వాడే ప్రశ్నించెను. నౌకలలో మిగిలిన యన్నమును తీరమునకు కనీసము మూడు నాటికల్ మైళ్ల దూరమునకు పోయినపిమ్మట, 25 మిల్లీమీటర్లకు మించని ముక్కలుగా నూరి సముద్రమున విడువవచ్చునని అంతర్జాతీయ నిబంధన యున్నది. నూరనిచో పండ్రెండు మైళ్లు దాటవలెను. మేమీ మాట చెప్పుచుండగా తల్లిగారు వినుచుండిరి. వారు వానిని కోపింపలేదు. “అన్నీ ఒక్కసారే ఎందుకురా? కావలిస్తే మళ్లీ పోయి తెచ్చుకో. ఓడ నిన్ను విడిచిపెట్టి ఎక్కడికి పోతుంది?” అనిరి. అటుపై తమ పళ్లెములోని రెండు ఇడ్లీలను చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకొనిరి. పెద్దవారు ఎప్పుడును ఇట్లే చేయుదురు గదా యని మేము చిరునవ్వుతో, “అమ్మా, మధ్యాహ్నము మళ్లీ పెడతారు” అంటిమి. “పెడతారు. నాకు తెలుసును. చేయి వినదు” అని వారు పలికి, పిమ్మట ఆ కథ చెప్పిరి.

తల్లిగారు పుట్టినది రంగూనులో. మా మాతామహులు శ్రీకాకుళపు ప్రాంతమునుండి పోయి అచట ఒక బియ్యపుమిల్లులో లెక్కలు వ్రాయుచుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. క్రిస్మసునాడు మరల వేసిరి. జనవరిలో ఎట్లో ఓడలో చోటు దొరకి కుటుంబమంతయు బయలుదేరినది. తల్లిగారికి అప్పుడు ఆరేండ్లు దాటినవి. తెచ్చుకొన్న అటుకుల మూట రెండవనాటికే యైపోయినది. పైతట్టుమీద కాలు మోపుటకు చోటు లేదు. ప్రక్కచాపమీద గంజాముసీమకు చెందిన ఒడియా స్త్రీ యొకతె ఉండెను. ఆమె భాష వీరికి రాదు. వీరి భాష ఆమెకు రాదు. ఆమె తన మూట విప్పి, మరమరాలు ఒక పిడికెడు తీసి ఈ బాలిక పావడ చెరగులో పోసెను. మూట కట్టబోయి ఆగి, బాలిక మొగము చూచి, మరల విప్పి మూడువ్రేళ్లతో ఇంకొంచెము తీసి వేసెను. “ఖా, మా” అనెను. ఒడియాలో అది ‘తిను, తల్లీ’ అని. 

“ఆ పిడికెడు మరమరాల రుచి నాకు గుర్తులేదు. పైన వేసిన ఆ కొసరు మాత్రము గుర్తున్నది. ఆమెకును మూటలో ఎక్కువ లేదు” అని తల్లిగారు ముగించిరి. ఇన్నేండ్లలో ఈ కథను మేము వినలేదు. ఇంటిలో ఎందుకు చెప్పలేదని యడిగితిమి. ఓడ గుర్తుచేసినది అనిరి.

ఆ పగలంతయు నౌకలో వినోదములకు కొదవలేకుండెను. తిండికిని కొదవలేకుండెను. అయినను ఆ కథ విన్నపిమ్మట మాకు ఒక సంగతి తోచినది. ఇంత సమృద్ధిలో ‘ఇంకొంచెము వేయనా’ యని యడుగువారు లేరు. ఎవరి పళ్లెము వారు పట్టుకొని, ఎవరికి వలసినది వారు తెచ్చుకొని, ఎవరికి తోచినప్పుడు వారు లేచిపోవుచుండిరి. మా యేడుగురమును ఒకే వేళకు ఒకే బల్లయొద్ద లేము. వడ్డించుకొనుటలో స్వాతంత్ర్యమున్నది, అడుగనిదే పెట్టు చేయి లేదు.

ఆ రాత్రి అందరమును కలిసియే తినవలెనని తల్లిగారు ఆజ్ఞాపించిరి. మరల తెల్లగుడ్డలశాలకు పోయితిమి. తల్లిగారు వట్టి యన్నమును పెరుగును మాత్రమే యడిగిరి. మనుమరాలితో, “నువ్వు సరిగా తినమ్మా” అని వారు పలుకగా, నీళ్లు పోయుచున్న యువకుడు చటుక్కున తల త్రిప్పి చూచెను. “ఏటి మామ్మా, నువ్వేటీ తినలేదు?” అనెను. ఆ యాసను వినుటతోనే తల్లిగారి ముఖము వికసించినది. అతనిది శ్రీకాకుళము జిల్లాయట. ఆ జిల్లా యువకులనేకులు దేశదేశముల ఓడలలో పని చేయుచున్నారు. ఏ యూరు, ఎవరి పిల్లవాడవు, తల్లి ఉన్నదా యని తల్లిగారు వరుసగా ప్రశ్నలు వేసిరి. అతడు లోనికి పోయి ఒక చిన్న గిన్నె తెచ్చెను. అందులో మాగాయ! సిబ్బంది భోజనమునకై తాను దాచుకొన్నది. “మాయమ్మ పెట్టింది. రవ్వంత ఏసుకో మామ్మా” అని వడ్డించి, చాలు చాలు అనుచుండగనే ఇంకొక ముక్క వేసెను.

అటుపై ఆ బల్లమీద జరిగినది విహారనౌకల మర్యాదలకు ఎంతవరకు సరిపోవునో మేము చెప్పజాలము. తల్లిగారు ఆ యన్నమంతయు మాగాయతో కలిపి, “చేతులు పట్టండి” అనిరి. చెంచాలును ముళ్లును ప్రక్కన పెట్టి అందరమును చేతులు చాపితిమి. అరువది దాటిన మేమును చాపితిమి. ఒక్కొక్క ముద్ద ఒక్కొక్క చేతిలో పడినది. పిల్లలు ‘పోదుం అవ్వా’ అనిరి. అవ్వకు తమిళము ఆ క్షణమున వినబడలేదు. ప్రక్కబల్లనుండి ఒక కన్నడ కుటుంబపు బాలిక మా బల్లయొద్దకు వచ్చి నిలిచి చూచుచుండెను. దాని తల్లి వారించుచున్నను తల్లిగారు చేయి పట్టుమని సైగచేసి చిన్న ముద్ద పెట్టిరి. కారమునకు అది కన్నీళ్లు పెట్టుకొని, అయినను రెండవమారు చేయి చాపెను. ఈమారు తల్లిగారు పెరుగు కలిపి పెట్టిరి. తెల్లని గుడ్డమీద మాగాయనూనె మరక పడినది. ఆ యువకుడు నవ్వుచు దానిమీద ఒక పళ్లెము పెట్టి కప్పివైచెను.

పైతట్టు కూలివారి చాపలమీద నడిచిన ఆ మర్యాదయే, మూడు తరముల తరువాత ఈ తెల్లగుడ్డమీద నడిచినది. పప్పు మూడుమారులు వేయించుకొన్న మేమే, ప్రయాణమునంతటిలో మిక్కిలి రుచియైన భోజనమేదని యెవరైన నడిగిన ఆ యొక్క ముద్దయే యని చెప్పుదుము.

మరునాటి వేకువను విశాఖ కనబడినది. కొండ సముద్రములోనికి ముక్కు చాచిన డాల్ఫిన్ నోసును చూడగనే తల్లిగారు గుర్తుపట్టిరి. దిగునప్పుడు సంచిలోని ఇడ్లీలను గూర్చి మేము హాస్యమాడితిమి. అవి లేవు. ముందటి సాయంకాలము మనుమడే ఆకలియని అవ్వనడిగి తినివేసెనట.

ఈ సంచికను చదువు సోదర సోదరీమణులకు ఒక్క విన్నపము. బరంపురమున నున్నను, బెంగుళూరున నున్నను, ముంబయిలో నున్నను, యానామున నున్నను మన సంఘముల ఉత్సవములలో నేడు ఎవరికి వారు వడ్డించుకొను పద్ధతియే వ్యాపించినది. అది సదుపాయమే; తక్కువ మంది పనివారితో ఎక్కువ మందికి పెట్టవచ్చును. దానిని మానుమని మేము కోరము. ఏడాదికి ఒక్క పండుగకైన ఆకులు వేసి, బంతి తీర్చి, మన పిల్లలచేతనే వడ్డింపజేయుడు. పప్పు వేసి ముందుకు పోవు పిల్లవానిని ఒక్క నిముస మాపి, వెనుదిరిగి ‘ఇంకొంచెము వేయనా’ యని యడుగ నేర్పుడు. ఆ యడుగుట తెలుగులో జరుగవలెను. ప్రక్కింటి తమిళులను, కన్నడిగులను, ఒడియావారిని, మరాఠీలను గూడ అదే బంతిలో కూర్చుండబెట్టుడు. వారు చాలన్న పిమ్మట వేసిన కొసరును వారును మరువరు.