బోర్డోలో ఒక ఎర్ర వైన్ గ్లాసు

మా అమ్మాయి ఫ్రాన్సులోని బోర్డో నగరంలో నివసిస్తున్నది. 2023 వేసవిలో మేము అక్కడికి వెళ్లినప్పుడు పొరుగింటి వృద్ధ దంపతులు మమ్మల్ని భోజనానికి పిలిచారు. కాల్చిన గొర్రెపిల్ల మాంసం, దానికి జోడుగా ఆ పరిసరాల్లోని పోయాక్ ప్రాంతపు ఎర్ర వైన్.

వడ్డనలో ఆ పెద్దాయన శ్రద్ధ నన్ను ఆకట్టుకున్నది. సీసాను రెండు గంటల ముందే తెరిచి, అడుగున మడ్డి కదలకుండా వైన్‌ను గాజు కూజాలోకి నెమ్మదిగా వంచారట. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో ఇవ్వాలంటారు గాని అది మన మే నెల గది కాదు. 16 నుంచి 18 డిగ్రీలు. అంతకు మించితే ఆల్కహాలు ఘాటే ముక్కుకు తగులుతుంది. గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూసి, ఒక గుటకను నోట నిలపమన్నారు.

నేరేడు పండు తిన్నట్లు నాలుక గరుకెక్కింది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడమే ఈ వగరుకు కారణం. మాంసం తిన్నాక రెండో గుటకలో ఆ వగరు మెత్తబడింది. మా ఆవిడ తీసుకెళ్లిన ఆవకాయతో మాత్రం పొసగలేదు. ఆల్కహాలు కారపు మంటను పెంచుతుంది.

అప్పుడు ఆయన, "మీరు వైద్యులు కదా, ఇది గుండెకు మంచిదేనా?" అని అడిగారు. మా అమ్మాయి తెలుగులో చెప్పగానే నా చేయి ఆగింది.

1992లో లాన్సెట్ పత్రికలో సెర్జ్ రెనో బృందం వ్యాసం వచ్చింది. కొవ్వు బాగా తినే ఫ్రెంచివారిలో గుండెజబ్బు తక్కువగా ఉండటానికి వైన్ కారణం కావచ్చునన్నది. అది చదివి, గుండెనొప్పి ఉన్న ఒక మిత్రునితో, "కాస్త ఎర్ర వైన్ మంచిదేనట" అన్నాను. ఆయన దానిని అనుమతిగా తీసుకున్నారు. వైన్ ఖరీదని బ్రాందీకి మారారు. కొన్నేళ్లకు కాలేయం చెడి, ఆయన పొట్టలో చేరిన నీటిని నా చేతులతోనే తీశాను.

అలాంటి అధ్యయనాలు కొన్నింటిలో 'తాగనివారి' లెక్కలో జబ్బుచేసి మానేసినవారూ కలిసిపోయారని తరువాత తేలింది. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లంటే దాదాపు 15 గ్రాముల ఆల్కహాలు. అది క్యాన్సర్ కారకం. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. మీలో నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ వాడుతున్నవారు అసలే ముట్టవద్దు.

"రుచికి మంచిదే. గుండె కోసమైతే వద్దు," అన్నాను. ఆయన తలపంకించి, నా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టారు.