ఇండియన్ ఓషన్, మా అమ్మ విసుర్రాయి

రాక్ సంగీతం అనగానే మా తరం వాళ్ళకు చేతులు చెవుల మీదికి పోతాయి. నేనూ అంతే. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, హోసూరు, కృష్ణగిరి శాఖల మధ్యే ఉద్యోగమంతా గడిపిన నాకు ఘంటసాల, సుశీల గార్ల పాటలుంటే చాలు. అలాంటి వాణ్ణి 2023 చివర్లో ఒక శనివారం మా అమ్మాయి బెంగుళూరులో ‘ఇండియన్ ఓషన్’ కచేరీకి లాక్కెళ్ళింది. హోసూరు నుంచి దూరం నలభై కిలోమీటర్లే. పట్టిన కాలం రెండు గంటలు. ఆ దారి సంగతి మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ బృందం వయసు నా సర్వీసు కంటే ఎక్కువ. 1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్, అశీమ్ చక్రవర్తి మొదలుపెట్టారు. తరువాత రాహుల్ రామ్, అమిత్ కిలం చేరారు. 2009 డిసెంబరులో అశీమ్ గారు చనిపోయారు. 2013లో సుస్మిత్ గారు తప్పుకున్నారు. మొదలుపెట్టిన ఇద్దరూ లేకపోయినా బృందం నడుస్తూనే ఉంది. మా వైపు కోలాటం జట్టు కూడా ఇంతే. గురువు పోతే శిష్యుడు తాళాలు పట్టుకుంటాడు, పాట ఆగదు.

ఆరుబయట మైదానం. చుట్టూ అంతా పాతికేళ్ళ పిల్లలే, అందరూ నిలబడే ఉన్నారు. ఒక కుర్రాడు నా తల చూసి, “అంకుల్” అంటూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. మొహమాటపడకుండా కూర్చున్నాను. మొదటి పావుగంట శబ్దం గుండెల్లో కొట్టుకుంది. అంతలో అమిత్ కిలం డ్రమ్ములు వదిలి, చంకలో ఒక చిన్న వాయిద్యం ఇరికించుకొని, దాని తీగ లాగి మీటడం మొదలుపెట్టారు. దాన్ని గబ్‌గుబీ అంటారట, బెంగాలు బౌల్ గాయకులది. నాకైతే మన బైండ్లవాళ్ళ జమిడికే కనిపించింది. అదే గుంయ్ గుంయ్, తీగ బిగిస్తే హెచ్చు, వదిలితే తగ్గు. అక్కడి నుంచి నాకు రాక్ అన్న మాట మరుపుకొచ్చింది.

తరువాత ‘మా రేవా’ పాడారు. అది నర్మదానది మీద ఆ లోయ జనం పాడుకునే పాట. రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి తిరిగొచ్చి, నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్ళు పనిచేసిన మనిషి. ఆ ఊళ్ళలో ఎన్నో ఆనకట్ట నీళ్ళ కింద మునిగిపోయాయి. పాట మాత్రం ఢిల్లీ మీదుగా బెంగుళూరుకు వచ్చి, నర్మదను ఎన్నడూ చూడని పిల్లల నోట పలికింది.

‘కందీసా’ నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అది. భాష సిరియాక్, ఏసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్‌కు శాఖ. 2000లో వచ్చిన ఆల్బంకు దాని పేరే పెట్టారు. మైదానంలో వేలమంది గొంతు కలిపారు. “నీకు అర్థం తెలుసా?” అని మా అమ్మాయిని అడిగాను. “పవిత్రుడు అని నాన్నా. మిగతాది తెలీదు, కానీ పాట మొత్తం వచ్చు” అంది.

ఆ జవాబు తిరుగు ప్రయాణంలో నన్ను వదల్లేదు. భాష తెలియకుండా పాట నిలుస్తుందా? ఆ ప్రార్థనకు చర్చి ఉంది, రాతప్రతులు ఉన్నాయి. గాయకులు మరిచినా పుస్తకం మరవదు. మన పాటలకు ఏమున్నాయి?

బ్యాంకులో సంతకాల కార్డులు చూసేవాడికి ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఒకే కుటుంబం, ఒకే సర్వే నంబరు, పంట రుణం. తాత సంతకం తెలుగు, గుండ్రంగా, కొంచెం వణుకుతూ. కొడుకుది తమిళం. మనవడిది ఇంగ్లీషు. ముగ్గురూ నా బల్ల ముందు మాట్లాడుకునేది మాత్రం తెలుగే. మా ఊరు ఉన్నచోటే ఉంది. జిల్లా మాత్రం సేలం నుంచి 1965లో ధర్మపురి అయింది, 2004లో కృష్ణగిరి అయింది. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠమైంది. తమిళం రావలసిందే, దాని మీద నాకు తగవు లేదు. ఆ భాషలోనే మాకు అన్నం పుడుతోంది. పక్కన తెలుగుకు ఒక గంట చోటు మిగిలితే బాగుండేది.

కచేరీ నుంచి వచ్చిన మరుసటి ఆదివారం మా అమ్మాయి వాళ్ళ అవ్వ ముందు ఫోను పెట్టి కూర్చుంది. “అవ్వా, నీ పాటలు చెప్పు, రాసుకుంటా.” మా అమ్మకు ఎనభై దాటాయి. “పాటలు చెప్పేది ఏంది పాపా, పని చేస్తా ఉంటే వస్తాయి” అంది. నిజంగానే ఊరికే కూర్చుంటే ఒక్కటీ రాలేదు. చివరికి పెరట్లో చెట్టు కింద పడి ఉన్న విసుర్రాయి కడిగి లోపలికి తెచ్చాము. గుప్పెడు రాగులు పోసి పిడి పట్టుకునేసరికి, రాయి తిరిగిన కొద్దీ పాట వచ్చింది. రాయి ఆగితే పాటా ఆగింది. ఊపిరి ఎక్కడ తీయాలో కూడా ఆ తిప్పుడులోనే ఉంది.

అమ్మాయికి తెలుగు మాట వచ్చు, రాత రాదు. తమిళ అక్షరాలలో రాసుకుంది. వెనక నుంచి చూశాను. ఆ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం. బావ అని రాసినా పావ అని రాసినా ఒక్కటే, బండి అన్నా పండి అన్నా ఒక్కటే. తనకు మాట తెలుసు కాబట్టి సరిగ్గానే చదువుకుంటుంది. దాని పిల్లలు ఆ కాగితం చదివితే, అత్తగారింటికి తీసుకుపోవడానికి వచ్చేది బావో పావో ఎవరు చెప్పాలి?

ఆ మాటే అమ్మాయితో అన్నాను. కాసేపు ఆలోచించి, “అయితే ‘బ’ ఎట్లా రాస్తారో చూపించు నాన్నా” అంది. అదే కాగితం అంచున రాసి చూపించాను. ఆ రోజు ‘బ’, ‘గ’, ‘ద’ అయ్యాయి, తమిళంలో విడిగా లేనివి ముందు కావాలంది. మిగతా లిపి తమిళమే. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. పన్నెండోది నాట్ల పాటట, దానికి విసుర్రాయి పనికిరాదు, మడి కావాలంటోంది మా అమ్మ.