అట్టపెట్టెలోని ఫ్రాంకెన్‌స్టైన్

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే రోజుల్లో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఖరీదైన ప్రతి ఒకటి తెప్పించుకున్నాను. తోలు అట్ట, అంచులకు బంగారు పూత, పట్టు రిబ్బను, పెట్టుకోవడానికి ఒక అట్టపెట్టె. లోపల ‘తొలి ముద్రణ 1818’ అని కనబడగానే ఇదే తొలి పాఠమని నమ్మేశాను. తెరిస్తే బైండింగు నలుగుతుందని చదవను కూడా లేదు. పాత నోట్సు చూసే పాఠం చెప్పేవాణ్ణి.

పుత్తూరు నుంచి రైల్లో వచ్చే ఓ అమ్మాయి దగ్గర అట్ట ఊడిన పాత ప్రతి ఉండేది. “సార్, ఎలిజబెత్‌ను అనాథ అంటున్నారు. ఇందులో కథానాయకుడు విక్టర్‌కు మేనత్త కూతురని ఉంది” అంది. “నీది ఎవరో మార్చేసిన చౌకరకం అయ్యుంటుంది, నా దగ్గర అసలుది ఉంది” అని కూర్చోబెట్టాను. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంటికెళ్లి పెట్టె తెరిచి చూస్తే, తోలు అట్ట లోపల ఉన్నది 1831 పాఠం. ఆ అమ్మాయి చేతిలోదే 1818ది.

నవల 1818 జనవరి 1న లండన్‌లో, రచయిత పేరు లేకుండా, మూడు సంపుటాలుగా 500 ప్రతులతో వచ్చింది. మేరీకి అప్పుడు ఇరవై ఏళ్లు. 1831 నాటికి భర్త పోయాడు, ముగ్గురు బిడ్డలు పోయారు. అప్పుడామె నవలను సవరించింది. మేనత్త కూతురు ఇటలీలో దొరికిన పెంపుడు పిల్ల అయింది. మేనరికం ఎరిగిన మన పిల్లలకు ఆ తేడా ఇట్టే తట్టడంలో వింత లేదు. అసలైన మార్పు విక్టర్‌లో ఉంది. 1831లో అతను తన పతనాన్ని మాటిమాటికీ విధి మీద వేస్తాడు. 1818లో ఆ సాకు అంత బలంగా లేదు. ప్రాణం పోసిందీ, పోసినదాన్ని చూసి భయపడి పారిపోయిందీ తన ఇష్టంతోనే. శాస్త్రాన్ని అడ్డదారి పట్టించినవాడు జవాబు చెప్పాలా వద్దా అన్న చర్చకు ఈ తేడా ప్రాణం. అది తెలియకుండానే నేను ఆ చర్చ నడిపాను.

మరుసటి క్లాసులో అందరి ముందూ ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి, ఆమె ప్రతి నుంచే మొదటి అధ్యాయం చదివించాను.

తొలి ముద్రణ ప్రతి ఒకటి 2021లో క్రిస్టీస్ వేలంలో 11.7 లక్షల డాలర్లు పలికింది. మనం కొనేవి కొత్త అచ్చులే కాబట్టి, అట్ట చూసే ముందు అధ్యాయాలు లెక్కపెట్టండి. సంపుటం మారినప్పుడల్లా మళ్లీ ఒకటో అధ్యాయం వస్తే 1818 పాఠం; వరసగా 24 దాకా సాగితే 1831ది.